పెద్దమ్మ చెప్పిన ధరకే కొనేయాలా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఫోటోలతో సహా పెద్ద ఉత్తరం పంపారు. పేరు వేయొద్దన్నారు. వయసు 43. ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్. భర్త రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. కొడుకు పదో తరగతి పరీక్షలు రాశాడు, ఇంటర్‌కు కాలేజీ వెతుకుతున్నారు.

పెళ్లైన కొత్తలో వీళ్లు బైరాగిపట్టెడలో ఒక ఇంటి పైభాగంలో అద్దెకుండేవారు. ఇంటివాళ్లు కింద ఉండేవారు. ఆ ఇంటాయన ఇంజనీరు. జపాన్‌లో కొన్నేళ్లు పనిచేసి, వచ్చేటప్పుడు ఒక ఆడియో సిస్టమ్ వెంట తెచ్చుకున్నారు. యమహా ఎన్‌ఎస్-1000ఎం స్పీకర్లు, లక్స్‌మన్ ఆంప్లిఫయర్, టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 రికార్డ్ ప్లేయర్, ఒక సీడీ ప్లేయర్. వాటితో పాటు ఇక్కడా అక్కడా కొన్న మూడు వందల దాకా ఎల్పీ రికార్డులు. మన పాఠకురాలు చిన్నప్పుడు వీణ నేర్చుకుని మధ్యలో ఆపేశారు. ఆదివారం సాయంత్రం కిందికి దిగి ఆ హాల్లో కచేరీలు వినడం ఆమెకు అలవాటైంది. సొంత ఫ్లాట్ కొనుక్కుని వెళ్లిపోయాక కూడా వీలైనప్పుడల్లా వెళ్లేవారు. చుట్టరికం లేకపోయినా ఆయన పెదనాన్న, ఆమె పెద్దమ్మ అయిపోయారు.

పెదనాన్న పోయి నాలుగేళ్లు. అప్పటినుంచి సిస్టమ్ ఎవరూ ఆన్ చేయలేదు. ఇప్పుడు పెద్దమ్మ ఇల్లు అమ్మేసి బెంగళూరులో కూతురి దగ్గరికి వెళ్తున్నారు. నెలాఖరులోగా ఇల్లు ఖాళీ చేయాలి. అమెరికాలో ఉన్న కొడుకు "ఆ పాత సామాన్లు ఎవరికో ఒకరికి ఇచ్చేయమ్మా" అన్నాడు. పాత సామాన్లవాడు వచ్చి అన్నిటికీ కలిపి 8 వేలు ఇస్తానన్నాడు. ఆ రాత్రి పెద్దమ్మ ఈమెకు ఫోన్ చేశారు. "నీకైతే 60 వేలకు ఇస్తానమ్మా. నాకు వీటి ధరలు తెలీవు. ఎక్కువ చెప్పానేమో, నువ్వే చెప్పు ఎంత ఇవ్వాలో. ఆయన వస్తువులు తెలిసినోళ్ల ఇంట్లో ఉంటే చాలు" అన్నారు.

నెట్‌లో చూస్తే ఆ స్పీకర్లకే రెండు లక్షల దాకా అడుగుతున్నారు. ఈమె చేతిలో చీటీ పాడుకున్న లక్షన్నర ఉంది. భర్తేమో "నాలుగేళ్లు మూలనపడిన సామాను తుక్కుతో సమానం, ముందు అబ్బాయి హాస్టల్ ఫీజు చూడు" అంటున్నారు. ఆయనకు ఈమె 60 వేలని చెప్పలేదు, 30 వేలని చెప్పారు. ఉత్తరం చివర ఇలా రాశారు: "నిజం ధర పెద్దమ్మకు చెబితే నేను కొనలేను. చెప్పకుండా కొంటే వాటి ముందు కూర్చుని ప్రశాంతంగా వినలేను. అసలు అవి పనిచేస్తాయో లేదో కూడా తెలియదు. నా వయసులో, నా జీతంలో ఇలాంటి వస్తువు మీద ఆశ పడటమే తప్పా అక్కా?"

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. తప్పు కాదు. పెద్దమ్మ అమ్మాలనుకున్నప్పుడు మొదటి ఫోన్ మీకే చేశారు. ఆ హాల్లో కూర్చుని వాటిని మీ అంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరని ఆమెకు తెలుసు. బంగారం కొనుక్కుంటానంటే ఎవరూ తప్పు పట్టని వయసులో, సంగీతం వినే సాధనం కొనుక్కుంటానంటే మాత్రం ఎందుకు సంజాయిషీ చెప్పుకోవాలి? డబ్బుకు వీలుందా లేదా అన్నది వేరే లెక్క, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీరు 60 వేలు, రెండు లక్షలు అనే రెండు అంకెల మధ్య నలిగిపోతున్నారు. నిజానికి రెండూ ఊహలే. నెట్‌లో కనిపించేది అమ్మేవాళ్లు అడిగే ధర, చివరికి ఎంతకు తెగిందో అందులో ఉండదు. పైగా అలా అడిగేవాళ్లలో చాలామంది సామాను ఆన్ చేసి వినిపిస్తారు, సర్వీసు చేయించి పెడతారు. కొందరు డీలర్లు కొన్నాళ్లపాటు గ్యారంటీ కూడా ఇస్తారు. పెద్దమ్మ ఇంట్లో ఉన్నది నాలుగు వేసవులు మూసిన గదిలో ఉండి, కరెంటు మొహం చూడని సిస్టమ్. అది పాడుతుందో లేదో తెలియకుండా ధర కట్టడం ఆమె వల్లా కాదు, మీ వల్లా కాదు. పాత సామాన్లవాడి 8 వేలంటారా, అది ఇనుముకు, రాగికి తూకం వేసి చెప్పిన ధర. దాన్ని లెక్కలోకే తీసుకోకండి.

అందుకే ముందు పరీక్ష, ఆ తర్వాతే ధర. పెద్దమ్మకు ఇవాళే ఫోన్ చేసి ఈ మాత్రం చెప్పొచ్చు: "పెద్దమ్మా, వాటిని ఎవ్వరికీ ఇచ్చేయొద్దు. మీరనుకున్నదానికంటే విలువైనవి. పనిచేస్తున్నాయో లేదో చూపించి, ఎంత చేస్తాయో నేనే వచ్చి చెబుతాను." ఇందులో అబద్ధం లేదు, మీరు ఏ అంకెకూ కట్టుబడటం లేదు. ఆమె తొందరపడి 8 వేలకు ఇచ్చేసే ప్రమాదం కూడా తప్పుతుంది. మీ మనసులో బరువు చాలావరకు ఈ ఒక్క ఫోన్‌తోనే దిగుతుందని నా నమ్మకం.

ఇక సామాను సంగతి. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ నిర్ణయం సగం దీని మీదే ఆధారపడి ఉంది.

ఎన్‌ఎస్-1000ఎం స్పీకర్లను యమహా 1974లో తెచ్చింది. ఒక్కోటి 31 కిలోల బరువు. కింది స్వరాలు పలికే 30 సెంటీమీటర్ల వూఫర్ కింద, పైన డోమ్ (గుమ్మటం) ఆకారంలో మధ్య స్వరాలకు మిడ్‌రేంజ్, పై స్వరాలకు ట్వీటర్. ఆ రెండు డోములూ బెరీలియం అనే లోహంతో చేసినవి. ఆ లోహం చాలా తేలిక, చాలా గట్టి. వీణ మీటు, మృదంగం మీద వేలి దెబ్బ అంత స్పష్టంగా విడివిడిగా వినిపించడానికి అదొక ముఖ్య కారణం. ఈ స్పీకర్ల బలహీనత కూడా అక్కడే ఉంది. బెరీలియం పెళుసు. దెబ్బ తగిలితే పగులుతుంది. కొత్త డోములు కంపెనీ దగ్గర దొరకవు, ఇంకో పాత జత నుంచి తీసి అమ్మేవాళ్ల కోసం వెతుక్కోవాల్సిందే. కాబట్టి వీటి విలువంతా ఆ నాలుగు డోములు బాగున్నాయా లేదా అన్నదాని మీదే ఉంటుంది. వాటి ముందున్న లోహపు జాలీని ఎవరినీ విప్పనివ్వకండి. టార్చిలైటు వేసి జాలీలోంచే చూడండి. ఒకవేళ పగిలిన డోము కనిపిస్తే చేత్తో తుడవడం, నోటితో ఊదడం చేయొద్దు. బెరీలియం పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పగలనంతవరకు ఏ భయమూ అక్కర్లేదు.

వూఫర్ విషయంలో మీ అదృష్టం బాగుంది. పాత స్పీకర్లలో చాలావాటికి కోన్ (ముందుకీ వెనక్కీ కదిలే గరాటు) చుట్టూ ఫోమ్ అంచు ఉంటుంది. మన వేడికి, తేమకు అది పదిహేను, ఇరవై ఏళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. ఈ మోడల్‌లో అంచు గుడ్డది. రాలిపోదు కానీ ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుపోవచ్చు. అలాంటప్పుడు కింది స్వరాలు పలచగా వినిపిస్తాయి.

స్పీకర్ ముందు వైపు మిడ్‌రేంజ్‌కు ఒకటి, ట్వీటర్‌కు ఒకటి చొప్పున రెండు నాబ్‌లు ఉంటాయి. నాలుగేళ్లు తిప్పకపోతే లోపల తుప్పులాంటి పొర పేరుకుంటుంది. అప్పుడు పై స్వరాలు అసలు రాకపోవచ్చు, ఒక్కోసారి మధ్యలో తెగిపోవచ్చు. ఇది చూసి "ట్వీటర్ పోయింది" అని తేల్చేసేవాళ్లు ఉంటారు. సిస్టమ్ ఆపేసి ఆ నాబ్‌లను ఈ చివరి నుంచి ఆ చివరికి పాతిక ముప్పై సార్లు తిప్పండి. చాలాసార్లు శబ్దం తిరిగొస్తుంది. ఇది తెలియక మంచి స్పీకర్లను పాడైనవని అమ్ముకున్నవాళ్లున్నారు. పెద్దమ్మకు అలాంటి నష్టం జరగకూడదు, మీకూ అలాంటి లాభం వద్దు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు. జపాన్‌లో ఇళ్లకు వచ్చే కరెంటు 100 వోల్టులు. మనది 230. పెదనాన్న అక్కడ కొన్న ఆంప్లిఫయర్, రికార్డ్ ప్లేయర్, సీడీ ప్లేయర్ 100 వోల్టులవే అయ్యుండాలి. వెనకవైపు రేకు మీద రాసి ఉంటుంది, ముందు అది చదవండి. ఆయన ఇన్నేళ్లు వాడారంటే మధ్యలో 230ని 100కు తగ్గించే ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పకుండా ఉంటుంది. బరువైన ఇనుప డబ్బా, దానికి రెండు బల్లపరుపు పిన్నులు దూరే సాకెట్లు. మీరు పంపిన ఫోటోల్లో అది లేదు. సర్దుళ్లలో ఎక్కడికో పోయి ఉండొచ్చు. "పనిచేస్తుందో లేదో చూద్దాం" అని ఎవరైనా యూనివర్సల్ అడాప్టర్ పెట్టి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టారంటే ఆంప్లిఫయర్ అక్కడికక్కడే కాలిపోతుంది. ఈ సంగతి పెద్దమ్మకు, ఆమె ఇంట్లో పనిచేసేవాళ్లకు, చూడటానికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్పాలి.

ఆ డబ్బా దొరక్కపోతే బజారులో తేలిగ్గా దొరికేది 110 వోల్టుల కన్వర్టర్. అమెరికా సామాన్ల కోసం చేసింది అది. 100 వోల్టుల సామానుకు పది శాతం ఎక్కువ వెళ్తుంది, మన సప్లై పెరిగిన పూట ఇంకా ఎక్కువ. వేడెక్కుతుంది, పాత కెపాసిటర్ల (లోపల కరెంటు నిల్వ చేసే భాగాల) మీద భారం పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే వైండింగ్ షాపులో సరిగ్గా 230 నుంచి 100కు చేయించుకోవడం మేలు.

నాలుగేళ్లు పడుకున్న ఆంప్లిఫయర్‌ను ఒక్కసారిగా స్విచ్ వేసి లేపకూడదు. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వాడకపోతే బలహీనపడతాయి. ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన సిరీస్ ల్యాంప్ ఇక్కడ పనికొస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందు, 230 వోల్టుల వైపు, పాతరకం ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే లోపలికి వెళ్లేలా పెట్టాలి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ఒకసారి వెలిగి మసకబారితే మంచి లక్షణం. వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. వెంటనే ఆపేసి మెకానిక్‌కు అప్పగించాలి. ఇదంతా స్పీకర్లు తగిలించకుండా చేయాలి. మీ ఫోటోలో ఉన్నది ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ కాబట్టి ఇలా చెబుతున్నాను. వాల్వులతో నడిచేదైతే స్పీకర్లు లేకుండా ఆన్ చేయకూడదు.

ఈ పరీక్ష దాటితే బల్బు తీసేసి మామూలుగా ఆన్ చేసి, స్పీకర్ వైర్లు తగిలించే టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో డీసీ (బ్యాటరీలోలా ఒకే దిశలో ఉండే వోల్టేజ్) చూడాలి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. వంద దాటితే సర్వీసు కావాలి. వోల్టుల్లో కనిపిస్తే ఆ ఆంప్లిఫయర్‌కు ఏ స్పీకరూ తగిలించొద్దు, వూఫర్ కాయిల్ కాలిపోతుంది. అన్నీ సరిగా ఉన్నా సరే, మొదటి పాట యమహాల మీద పెట్టకండి. పోయినా పర్లేదనుకునే ఏదో పాత స్పీకర్ జత మీద ఒక గంట ఆడించి, అప్పుడు అసలువాటికి మార్చండి.

అప్పుడు వినడం మొదలవుతుంది, ఆ పని మీకంటే బాగా చేసేవాళ్లు లేరు. మీకు కంఠతా వచ్చిన కచేరీ ఒకటి తీసుకెళ్లండి. తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. ఒక్కో స్పీకర్ విడిగా వినండి, చెవి దగ్గర పెట్టి వూఫర్, మిడ్‌రేంజ్, ట్వీటర్ మూడూ పలుకుతున్నాయా చూడండి. స్పీకర్ వెనక మీటర్ పెట్టి చూసి "అంతా ఓకే" అనే మెకానిక్ మాట ఇక్కడ చాలదు. అలా పెట్టినప్పుడు మీటర్‌కు తెలిసేది వూఫర్ ఒక్కటే, మిగతా రెండింటికీ ముందు కెపాసిటర్ అడ్డం ఉంటుంది. ఎడమ కుడి తేడాగా వినిపిస్తే స్పీకర్ల వైర్లు అటుదిటు మార్చండి. లోపం కూడా వైరుతో పాటే రెండో వైపుకు వెళ్తే తప్పు ఆంప్లిఫయర్‌లోనో అంతకు ముందో ఉంది. లోపం ఆ స్పీకర్‌నే అంటిపెట్టుకుంటే స్పీకర్‌ది.

రికార్డ్ ప్లేయర్ గురించి పెద్దగా దిగులు లేదు. ఎస్‌ఎల్-1200లో బెల్టు ఉండదు, మోటారే నేరుగా తిప్పుతుంది. 1972లో మొదలైన ఈ మోడల్‌ను కంపెనీ 2010లో ఆపేసి 2016లో మళ్లీ తెచ్చింది, దీన్ని బాగుచేయడం తెలిసినవాళ్లు ఉన్నారు. సూది మాత్రం కొత్తది వేయించండి. అరిగిన సూది రికార్డు గాడిని కోసేస్తుంది, ఆ నష్టం తిరిగి రాదు. సీడీ ప్లేయర్‌కు లెక్కలో విలువ కట్టకండి. లేజర్ బలహీనపడి ఉంటే ఆ భాగం దొరకడం కష్టం.

పరీక్ష ఎవరు చేస్తారన్నది మీ అసలు సందేహం అనుకుంటాను. తిరుపతిలో పెళ్లిళ్లకు, ఉత్సవాలకు సౌండ్ పెట్టేవాళ్ల ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్‌లు ఉన్నారు. మీటరు, సిరీస్ ల్యాంప్ పరీక్షలకు వాళ్లు చాలు. ఒకటి మాత్రం ముందే చెప్పండి: చూసి చెప్పడమే, విప్పి ఏ భాగం మార్చొద్దు, పెద్ద శబ్దం పెట్టొద్దు. ఆ పరీక్షలో తేడా వస్తే ఆంప్లిఫయర్ ఒక్కటే చెన్నైకో బెంగళూరుకో పాత హైఫై సామాన్లు చూసే మనిషి దగ్గరికి తీసుకెళ్లొచ్చు. ఆ ఖర్చు ఎవరిదన్నది పెద్దమ్మతో ముందే మాట్లాడుకోండి. నన్నడిగితే ఆంప్లిఫయర్ ఎవరు ఉంచుకుంటే వాళ్లది.

పరీక్షయ్యాక మీ ముందు కొన్ని దారులుంటాయి.

ఏమీ చెప్పకుండా 60 వేలిచ్చి తెచ్చుకోవడం ఒకటి. సెకండ్ హ్యాండ్ బజారులో తెలిసినవాడు లాభపడటం మామూలే, బేరమాడటం తప్పేమీ కాదు. అంగడివాడితో అయితే నేనూ అదే అంటాను. కానీ ఇక్కడ పెద్దమ్మ బేరం పెట్టలేదు. "నువ్వే చెప్పు ఎంత ఇవ్వాలో" అన్నారు. ఆ మాటతో ఆమె మిమ్మల్ని కొనేవాళ్ల వైపు నుంచి తన వైపు కూర్చోబెట్టుకున్నారు. అక్కడ కూర్చుని మౌనంగా ఉండటం మీ వల్ల కాదని మీ ఉత్తరమే చెబుతోంది. పైగా పెద్దమ్మ కొడుకు ఏదో ఒక రోజు ఆ మోడల్ పేరు నెట్‌లో కొట్టి చూడొచ్చు. అప్పుడు మాట పడేది మీరొక్కరే కాదు, "నమ్మి ఇచ్చావు కదా" అని పెద్దమ్మ కూడా పడాలి.

ఉన్నది ఉన్నట్టు చెప్పి ధర ఆమెకే వదిలేయడం ఇంకొకటి. "బయట పరీక్ష చేసిన జత ఇంతకు అడుగుతున్నారు. దీనికి రిపేరు, ట్రాన్స్‌ఫార్మర్, సూది ఖర్చు ఇంత. అవి తీసేస్తే ఇంత రావచ్చు" అని కాగితం మీద రాసి చూపించండి. అది విన్నాక కూడా ఆమె "నీ దగ్గర 60 చాలు" అంటే, అది తెలిసి ఇచ్చిన తగ్గింపు. మొహమాటపడకుండా తీసుకోండి. లేదు, కొంచెం పెంచమంటే మీ శక్తికి తగ్గట్టు చెప్పండి. కొంత ఇప్పుడు, మిగతాది ఏడాది పాటు నెలనెలా అనొచ్చు. అలాగైతే రెండు వైపులా సంతకాలతో ఒక కాగితం ఉండాలి. ఆమె ఊరు మారిపోతున్నారు, గుర్తు పెట్టుకోవడం మీద నడిచే లెక్కలు దూరమైతే మసకబారతాయి. ఈ దారిలో రిస్కు ఏమిటంటే, ధర విన్న కొడుకు "అయితే బయటే అమ్ముదాం" అనొచ్చు. అది వాళ్ల హక్కు. అప్పుడు సిస్టమ్ మీ చేయి జారుతుంది. దానికి మీరు సిద్ధపడే చెప్పాలి.

అంతా కాకుండా కొంతే తీసుకోవచ్చు. రికార్డ్ ప్లేయర్, రికార్డులు మీరు ఉంచుకుని, వాటికి న్యాయమైన ధర ఇచ్చి, స్పీకర్లు, ఆంప్లిఫయర్ బెంగళూరులోనో చెన్నైలోనో అమ్మించడానికి సాయం చేయొచ్చు. మీ డబ్బుకు ఇది తేలిక. మీరు విన్న ఆ శబ్దం మాత్రం రాదు, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం ఆ స్పీకర్లదే. ఇలా అమ్మించేటప్పుడు ఇల్లు ఖాళీ చేసే గడువు తొందరపెట్టకుండా సామాను కొన్నాళ్లు మీ ఇంట్లో పెట్టుకోవాల్సి రావొచ్చు. ఫోన్లో బేరం కుదిరింది, అడ్వాన్సు పంపుతున్నాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అనేవాళ్లు వస్తారు. డబ్బు రావడానికి యూపీఐలో పిన్ కొట్టక్కర్లేదని పెద్దమ్మకు గట్టిగా చెప్పండి. పొరపాటు జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

పరీక్షలో ట్వీటర్లు పోయాయనో ఆంప్లిఫయర్ కాలిపోయిందనో తేలితే, 60 వేలు కూడా ఎక్కువే కావచ్చు. అప్పుడు ధర తగ్గించమని అడగడానికి మీకు నోరు రాదేమో. కానీ ముందే విలువైనవని మీరే చెప్పి ఉంటారు కాబట్టి, ఇప్పుడు తగ్గుతుందని చెప్పినా ఆమె నమ్ముతారు.

ఏ దారిలో వెళ్లినా డబ్బు చేతులు మారకముందే పెద్దమ్మ పిల్లలిద్దరి మాట తీసుకోండి. పెదనాన్న వీలునామా రాయకపోయి ఉంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన ఆస్తిలో భార్యకు, కొడుక్కి, కూతురికి సమాన వాటా ఉంటుంది. సామాను కూడా ఆస్తే. కొడుకు, కూతురు "ఫలానా వస్తువులు ఈ ధరకు ఈమెకు ఇవ్వడం మాకు సమ్మతమే" అని వాట్సాప్‌లో రాసినా రేపు మాట రాకుండా ఉంటుంది. వస్తువుల సీరియల్ నంబర్లతో ఒక రసీదు కూడా రాయించుకోండి. ఇది వ్యాపారి దగ్గర కొన్నది కాదు కాబట్టి తర్వాత పాడైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఉండదు. అందుకే పరీక్షలన్నీ డబ్బు ఇవ్వకముందే జరగాలంటున్నాను.

ఇప్పుడు మీ చీటీ డబ్బు. లక్షన్నర చేతిలో ఉందని రాశారు, ఇంకా ఎన్ని వాయిదాలు కట్టాలో రాయలేదు. పాడుకున్న చీటీ అంటే ఒక రకంగా అప్పే. నెలనెలా కట్టాల్సిన మొత్తం, అబ్బాయి ఫీజు మొదటి విడత, ఇంట్లో ఒక ఆపదకు ఉంచుకునే డబ్బు, ఈ మూడూ తీసేశాక మిగిలేదే మీరు ఖర్చు పెట్టగలిగేది. అది 40 వేలే అయితే 40 వేలతో ఏం వీలవుతుందో పెద్దమ్మతో మాట్లాడండి. సిస్టమ్ కోసం ఇంకో చీటీ ఎత్తడం, బంగారం కుదువ పెట్టడం మాత్రం వద్దంటాను. కొన్న తర్వాత కూడా సర్వీసు, సూది, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చులుంటాయి.

మీ ఫ్లాట్ హాలు ఎంత ఉంటుందో కొలవండి. చిన్న హాలు, నేలంతా టైల్స్, ఖాళీ గోడలు అయితే ఆ వూఫర్లు గుంయ్ మంటాయి. మూలలకు అతికించకుండా గోడకు కాస్త ఎడంగా పెట్టి, నేల మీద మందపాటి తివాచీ, వెనక పుస్తకాల బీరువా ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. పై ఫ్లాట్ వాళ్లతో పేచీ రాకుండా తక్కువ శబ్దంలో వినాల్సిన పరిస్థితైతే, ఆ స్పీకర్లు అలా కూడా బాగా పలుకుతాయి. ఇంత చేసినా చోటే లేదనిపిస్తే, కొంత భాగమే తీసుకునే దారి మళ్లీ ఆలోచించండి.

మీ ఆయన దగ్గర 30 వేలని చెప్పిన మాట సరిచేయాలి, అదీ పరీక్షకు ముందే. తర్వాత తెలిస్తే గొడవ స్పీకర్ల గురించి కాకుండా ఆ 30 వేల గురించి జరుగుతుంది. ఆయన తుక్కు అన్నారని మీకు కోపంగా ఉంది. కానీ నాలుగేళ్లు మూలనపడిన యంత్రాన్ని చూసి ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి అలా అనడం సహజమే. ఆ అనుమానాన్నే పనికి పెట్టండి. "కొనమని అడగడం లేదు. మల్టీమీటర్, సిరీస్ ల్యాంప్ తీసుకుని నాతో రండి. మీ చేత్తో చూసి పనికిరాదంటే వింటాను" అనండి. ఆయనకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకరు తోడొస్తే మీకు మెకానిక్ వెతుకులాట కూడా తగ్గుతుంది. పరీక్ష తర్వాత కూడా ఆయన వద్దంటే ఏం చేయాలన్నది నేను చెప్పలేను. మీ జీతంలోంచి మీరు కట్టిన చీటీ మీద మీకు హక్కు ఉందని మాత్రం నా అభిప్రాయం. ఫీజు పక్కన పెట్టాక మిగిలిన డబ్బు గురించైతే ఆ మాట ఆయనతో నిదానంగా, నిక్కచ్చిగా అనొచ్చు.

కొనడం ఖాయమైతే తరలింపు ప్యాకర్ల చేతికి పూర్తిగా వదలకండి. ట్రాలీ ఆటోలో పరుపు వేసి, స్పీకర్లు నిలువుగా కట్టించండి. ఒక్కోదాన్ని ఇద్దరు పట్టుకోవాలి, ముందువైపు జాలీ మీద ఎవరి చేయీ పడకూడదు. రికార్డ్ ప్లేయర్ పళ్లెం తీసి విడిగా చుట్టాలి, సూది ఉండే చేతిని (టోన్‌ఆర్మ్‌ను) దాని క్లిప్పులో బిగించాలి. రికార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా అట్టపెట్టెల్లో నిలబెట్టండి.

ఇవన్నీ తర్వాత. ఇవాళ పెద్దమ్మకు చేసే ఫోన్‌లోనే ఆ ట్రాన్స్‌ఫార్మర్ గురించి అడగండి. రెండు ప్లగ్గులు పెట్టుకునే బరువైన ఇనుప డబ్బా అంటే ఆమెకు గుర్తొస్తుంది. పాత సామాన్లవాడు మళ్లీ వచ్చేలోగా దాన్ని తీయించి సిస్టమ్ పక్కన పెట్టించండి.